గాజులకు చెయ్యి చాచిన థెరపీ మేడమ్

పోయిన వారం పొద్దున్నే కొట్టు తీసి దీపం పెట్టబోతుంటే ఫోను మోగింది. థెరపీ గదిలో పరిచయమైన మాచవరం అమ్మాయి. "పెద్దమ్మా, మన మేడమ్ పోయిందంట. తెల్లారగట్ల గుండెపోటు వచ్చిందంట," అని ఫోను పెట్టేసింది. అగ్గిపెట్టె పట్టుకుని నేను అలాగే నిలబడిపోయాను. దీపం మా ఆయన వెలిగించాడు.

మేడమ్ నరసరావుపేటలో ఒక ఆసుపత్రి వెనక, మెట్లు లేని చిన్న గదిలో ఆక్యుపేషనల్ థెరపీ చేసేది. ఆ పేరు మాలో సగం మందికి నోరు తిరిగేది కాదు. జబ్బు వల్లో, దెబ్బ వల్లో, పుట్టుకతోనో తమ పనులు తాము చేసుకోలేని వాళ్లకు, మళ్లీ చేసుకునే దారి చూపించే వైద్యం అది.

మాది గాజుల కొట్టు. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఊరి ఆడవాళ్ల చేతులకు గాజులు తొడగడమే నా పని. పక్షవాతం వచ్చి నా కుడివైపు పడిపోయింది. వ్యాయామాలతో కాలు కదిలింది, నడక వచ్చింది. చెయ్యి మాత్రం రాలేదు. కోడలే చీర కట్టేది, జడ వేసేది, అన్నం కలిపి పెట్టేది. ఒక్కరోజు కూడా విసుక్కోలేదు పాపం. బాత్రూముకు కూడా ఆమెను పిలవాలంటే నాకే చచ్చేంత సిగ్గు. అందుకని మంచినీళ్లు తాగడం తగ్గించేశాను. ఎండాకాలంలో కూడా. ఇంట్లో ఎవరికీ తెలియదు.

మొదటి రోజు మేడమ్ నా చెయ్యి పట్టుకుని చూడలేదు. "పొద్దున లేచిన కాణ్ణించి ఏమేం చేస్తావో చెప్పక్కా," అంది. చెప్పుకుంటూ పోయాను. మధ్యలో ఆపింది.

"నీళ్లెప్పుడు తాగుతావు?"

నాకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే అసలు సంగతి చెప్పేశాను. ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుని, "సిగ్గుపడాల్సింది నువ్వు కాదక్కా. పట్టుకోడానికి ఆసరా లేకుండా కట్టుకున్న మన బాత్రూములు," అంది. ఆ వారంలోనే మా ఆయన చేత గోడకు స్టీలు కడ్డీ పెట్టించింది. ఎడమ చేత్తో బట్టలు సర్దుకోవడం నేర్పింది. ఆ తర్వాత దాహమైనప్పుడల్లా నీళ్లు తాగాను. ఇది చిన్న సంగతి అనుకునే వాళ్లకు నేను చెప్పగలిగింది ఏమీ లేదు.

ఆ గదిలో నాతో పాటు ఈపూరు రైతు ఒకాయన ఉండేవాడు. గడ్డి కోసే మిషన్లో పడి కొన్ని వేళ్లు పోయాయి. గేదె పాలు తానే పిండుకోవాలని ఆయన పట్టు. మేడమ్ రబ్బరు చేతి తొడుగులో నీళ్లు పోసి, వేళ్ల చివర సూదితో పొడిచి, కిటికీకి వేలాడదీసింది. మిగిలిన వేళ్లతో ఆయన పిండుతుంటే నీళ్లు మా అందరి మీదా చిమ్మేవి. "నా గేదె ఇట్టా కదలకుండా నిలబడదమ్మో," అని ఆయన అంటే గదంతా నవ్వేది.

మాచవరం అమ్మాయి కూతురికి పుట్టుకతోనే కాళ్లూ చేతులూ బిగుసుకుపోయి ఉండేవి. పాత సైకిలు ట్యూబు చుట్టి లావు చేసిన స్పూను ఇచ్చి, పిల్లనే తన చేత్తో తినమనేది మేడమ్. అన్నం ఒళ్లో పడగానే తల్లి చెయ్యి ముందుకు వచ్చేది.

"ఆగమ్మా. పడితే పడిద్ది, ఊడ్చుకుందాం. పిల్లని తిననీ."

ఒకరోజు ముద్ద నేరుగా నోట్లోకి వెళ్లింది. ముక్కుకు పప్పు అంటుకుని ఆ పిల్ల అందరి వంకా చూసిన చూపు నేను మర్చిపోలేను.

"ఇంతకీ నీకేం కావాలక్కా?" అని నన్ను అడిగినప్పుడు, "గాజులు తొడగాలి," అన్నాను. "పాత చెయ్యి తిరిగొచ్చిద్దని నేను చెప్పను. ఈ చేత్తోనే ఏం చేయగలమో చూద్దాం," అంది. రబ్బరు బ్యాండ్లతో మొదలుపెట్టి, లోహపు గాజులకు వచ్చి, చివరికి ఒకరోజు మట్టి గాజులు తెప్పించి తన చెయ్యి చాచింది. రెండో గాజే పగిలి ఆమెకు గీరుకుంది, రక్తం వచ్చింది. ఇక నా వల్ల కాదని పక్కకు తిరిగి కూర్చున్నాను. మేడమ్ బతిమాలలేదు, కోప్పడలేదు. "ఈ రోజుకి వద్దులే, టీ తాగుదాం," అంది. తాగేటప్పుడు మాత్రం కప్పు రెండు చేతులా పట్టించింది. మర్నాడు మళ్లీ అదే చెయ్యి చాచింది, గీరుకున్న గీత ఇంకా మానకుండానే.

నా చిటికెన వేలు ఇప్పటికీ వంగే ఉంది. ఎడమ చెయ్యి గాజును నడిపిస్తుంది, కుడి చెయ్యి ఊరికే ఆనిస్తుంది. అయినా ఒక సీమంతం పిల్లకు రెండు చేతుల నిండా తొడిగి, మేడమ్‌కు ఫోను చేశాను.

"ఎన్ని పగిలినయి?"

"ఒకటి."

"ఒకటేనా! నాకైతే చానా పగలగొట్టావు గదక్కా," అని గట్టిగా నవ్వింది.

మొన్న మేడమ్ వాళ్లింటికి వెళ్లాను. వరండాలో ఆమె తల్లి కూర్చుని ఉంది. ఆ పెద్దావిడకు మతిమరుపు జబ్బని నాకు అప్పుడే తెలిసింది. ఊరికే కూర్చుంటే బెంగపడుతుందని, ఇంట్లో బట్టలన్నీ ఆమె చేతే మడత పెట్టించేదట మేడమ్. మడత సరిగా రాకపోయినా ఎవరినీ మళ్లీ విప్పనిచ్చేది కాదని మేడమ్ తమ్ముడు చెప్పాడు. కూతురు పోయిన సంగతి ఆమెకు చెబుతూనే ఉన్నారట. ఏడుస్తుందట, కాసేపటికి మర్చిపోతుందట.

ఆవిడ ఒళ్లో నీలం నేత చీర ఉంది. నన్ను చూసి, "ఆ కొస పట్టుకోవే అమ్మాయ్," అంది. పట్టుకున్నాను. ఇద్దరం దూరంగా జరిగి చీర సాగదీశాం, దగ్గరికి వచ్చి కొసలు కలిపాం, మళ్లీ దూరం జరిగాం. ముడతలు రాకుండా ఆవిడ అరచేత్తో మెల్లగా నిమురుతోంది.

"డ్యూటీ నుంచి వచ్చే వేళయింది. రాంగానే కట్టుకుంటది," అంది.