బాపు బతికుండగానే

ఏడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మా ఆయనకు కూడా చెప్పలేదు. ఒక్కరికి తప్ప ఎవరికీ చెప్పని సంగతి, ఇప్పుడు మీకు చెబుతున్నాను.

మాది కొడకండ్ల దగ్గర పల్లె. నేను డోర్నకల్‌లో రైల్వే ఉద్యోగం చేస్తాను. మా బాపు, అంటే నాన్న, ఇరవై ఏళ్ల వయసులో బంగ్లాదేశ్ యుద్ధానికి వెళ్లిన సిపాయి. అక్కడ తొడలో తూటా దిగి, తనవాళ్ల నుంచి తప్పిపోతే, ఒక పల్లెలో జమీలా అనే ఆమె, ఆమె భర్త రెండు రోజులు జనుపకట్టె మోపుల వెనక దాచారట. మూడో రోజు భర్త పడవలో ఏరు దాటించాడట. ఆ సంగతి చెప్పినప్పుడల్లా బాపు ఒకచోట ఆగిపోయేవాడు.

"నేనొచ్చినంక వాళ్లకేమైందో బిడ్డా. నన్ను దాసిండ్రని ఎవలన్న ఏమన్న జేసిండ్రో. జర తెలుసుకోరాదు?"

తెలుసుకున్నాను. ఫోన్‌లో వెతికి వెతికి, ఆ పక్క ఊళ్లో బడి నడిపే ఒక మాస్టారును పట్టుకున్నాను. ఆయన నెలల తరబడి అడిగి అడిగి జమీలా ఇల్లు కనుక్కున్నాడు. ఆమె బతికే ఉంది. బాపు ఏరు దాటిన మర్నాడే శత్రు సైనికులు ఆమె భర్తను తీసుకెళ్లారు. ఆయన మళ్లీ రాలేదు. ఆ సిపాయి గొంతు ఒక్కసారి వినాలని ఆమె అడుగుతోందని మాస్టారు రాశాడు.

బాపుకు అప్పటికే గుండె జబ్బు, నా దగ్గరే ఉండేవాడు. ఈ మాట తట్టుకోలేడనుకున్నాను. నిజంగా అందుకేనా? బాపు కుప్పకూలి ఏడిస్తే చూడాల్సింది నేను కాబట్టి, అది చూసే ధైర్యం నాకు లేదు కాబట్టి కాదా? రెండు నిమిషాల్లో మాస్టారుకు రాసేశాను. మా నాన్న పోయిన ఏడాదే చనిపోయారని.

పక్కగదిలో బాపు దగ్గుతూనే ఉన్నాడు.

వారం తర్వాత మాస్టారు మళ్లీ రాశాడు. జమీలా రెండు రోజులు అన్నం ముట్టలేదట. బాపు పేరు మీద ప్రార్థన చేయించి, పదిమందికి అన్నం పెట్టిందట. ఆమె బాపుతో చెప్పాలనుకున్నది ఒక్కటేనట. 'మా ఆయనను పట్టించింది మా ఊరివాడే. ఆ సిపాయి తప్పేం లేదు. అతన్ని నేనెప్పుడూ తిట్టుకోలేదు.'

బాపు అన్నేళ్లుగా ఎదురుచూసిన మాట అదే. అది నా చేతిలో ఉంది. కానీ ఆ మాట బాపుకు చెబితే వెంటనే ఆమెతో మాట్లాడతానంటాడు. చనిపోయాడని నేనే రాసిన మనిషి చేతికి ఫోన్ ఎలా ఇవ్వను? ఈసారి అడ్డొచ్చింది ఆయన గుండె జబ్బు కాదు. నా సిగ్గు.

ఆ సాయంత్రం బాపు అడిగాడు. "ఏమన్న ఎర్కైందా?"

"లేదు బాపు. గా ఊరే ఏట్ల కొట్టుకపోయిందట."

"ఊరు పోతే పోయింది. మరి మనుషులు?"

నేను వంటింట్లోకి వెళ్లిపోయాను.

ఆ తర్వాత బాపు నాలుగేళ్లు బతికాడు. చివరికి మహబూబాబాద్‌లో దవాఖాన మంచం మీద కూడా, "గా పడవాయన మంచిగున్నడో లేడో" అని గొణిగాడు. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. ఎందుకు?

పోయిన నెల మాస్టారుకు జరిగిందంతా రాశాను. మూడు రోజులకు జవాబొచ్చింది. 'ఆమె ఇంకా ఉంది. ఇది నేను ఆమెకు చెప్పలేను. మీరే చెప్పండి.' కింద ఒక నంబరు.

ఇంకా చేయలేదు. చేస్తాను. ఆమె ఏమంటుందో తెలియదు. క్షమించమని అడిగే హక్కు నాకుందో లేదో కూడా తెలియదు. బాపును అడగడానికైతే బాపే లేడు. బతికున్న మా బాపును చనిపోయాడన్నది నేనే. ఇప్పుడు ఈ వాక్యం రాసి, ఒకసారి పైకి చదువుకున్నాను. మధ్యలో ఆగలేదు.