వెనకద్దం వేడిగీతలు

ఆ కారద్దాల షాపులో అందరూ అతన్ని 'వెనకద్దం' అనే పిలుస్తారు. కారు వెనకద్దం మీద మంచూ ఆవిరీ కరగడానికి ఆ కొస నుంచి ఈ కొస దాకా సన్నని వేడిగీతలు ఉంటాయే, అవి తెగితే అతికించడం చుట్టుపక్కల అతనికి తప్ప ఎవరికీ కుదరదు. పేరుకి గొప్పే. పనికి మాత్రం వెనక సీట్లో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని, మెడ వంచుకుని బతకాలి.

ఆ రోజు వచ్చింది మరీ బుల్లి కారు. పైగా వెనక తలుపులకి చైల్డ్ లాక్. ఎవరైనా బయటినుంచి తీస్తే తప్ప దిగలేడు. "ఎవరన్నా ఉన్నారా?" అని రెండుసార్లు అరిచి ఊరుకున్నాడు.

తలుపు సంగతి సరే, ఆ షాపులోంచి బయటపడటమే అసలు గండం. షాపు బావది, అంటే అక్క మొగుడిది. ఇప్పుడు బస్సు డిపోలో ఇతన్ని మెకానిక్కుగా తీసుకుంటామన్నారు. సాయంత్రంలోగా వస్తాడో రాడో చెప్పాలి. పొద్దున గుమ్మం దాటుతుంటే భార్య ఎదురొచ్చి, "ఇవాళైనా నోరు విప్పుతారా, మీ బావని చూడగానే బెల్లం కొట్టిన రాయిలా నిలబడతారా?" అంది.

"చెప్తానన్నానుగా" అన్నాడు. నిజంగానే చెప్పాలనుకున్నాడు. కానీ అంత తేలికా? నాన్న పోయినప్పుడు ఇంటికి తీసుకొచ్చి అన్నం పెట్టింది బావే, అద్దం గోకే బ్లేడు పట్టడం నేర్పిందీ బావే. ఎవరైనా పని మానేస్తే చాలు, "తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకం!" అని తిట్టిపోసి, అదే నోటితో ఇతన్ని చూపించి, "బావమరిది బతక్కోరతాడు, దాయాది చావుకోరతాడని ఊరికే అన్నారా!" అంటాడు. ఆ మెప్పు విన్నప్పుడల్లా ఇతనికి ఊపిరాడదు.

ఈ అద్దం మీది పాత నల్ల ఫిల్ము బుడగలు లేస్తే బావే పీకాడట. జిగురు గోకింది కూడా ఆయనే. అప్పట్నుంచి గీతలు వేడెక్కడం లేదు. అతను అద్దం తుడిచి, దీపం దగ్గరగా పెట్టి చూశాడు. చూసి ఆగిపోయాడు.

బ్లేడు గీతల వెంబడి నడవలేదు. పైనుంచి కిందకి, గీతలని కోసుకుంటూ దిగింది. ఒకచోట కాదు, అద్దమంతా. "గీత ఎటు పోతే బ్లేడు అటే పోవాలి, లేదంటే వేళ్ళు విరుస్తా" అని మొట్టికాయలు వేసి నేర్పిన మనిషి చేసిన పని ఇది! తాగే అలవాటు లేదు. తొందరపడే రకమూ కాదు. ఈమధ్య కొలత టేపు ఇతని చేతికిచ్చి చదవమనడం, వచ్చినవాళ్ళని గొంతు విన్నాకే పలకరించడం ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. బావకి చూపు పోతోంది.

ఆయన మీద జాలి, ఆ వెంటే తన మీద తనకి ఏడుపు. ఇవాళే తెలియాలా ఇది!

తెగిన ప్రతిచోటా గీతకి పైనా కిందా టేపు అంటించి, మధ్యలో కరెంటు పారేలా వెండి పొడి కలిపిన పెయింటు సన్న కుంచెతో పూస్తూ పోయాడు. పూసినవి ఆరాయి. అడుగు గీత ఒక్కటే మిగిలి ఉండగా బావ వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు.

"అయిందా? స్విచ్చి వేస్తున్నా."

అతను పరీక్షకని పక్కన పెట్టుకున్న వేడినీళ్ళ గిన్నె మూత తీశాడు. అద్దమంతా ఆవిరి కమ్మింది. కాసేపటికి గీతల వెంబడి కరగడం మొదలైంది. అడుగున మాత్రం తెల్లటి పట్టీలా అలాగే ఉండిపోయింది.

బావ దిగి వెనక్కెళ్ళి, ముక్కు అద్దానికి ఆనించి చూశాడు. తర్వాత తలుపు తీసి లోపలికి తల పెట్టాడు.

"శభాష్! మొత్తం కరిగిందిరా."

ఇప్పుడే చెప్పాలి. కళ్ళ సంగతీ చెప్పాలి, డిపో సంగతీ చెప్పాలి.

"బావా..."

బావ చెయ్యి తడుముకుంటూ వచ్చి అతని మణికట్టు పట్టుకుంది. "ఏంట్రా, ఏదైనా మిగిలిందా?" ఆ గొంతులో భయం. ఇన్నేళ్ళలో అతను ఎన్నడూ విననిది.

"లేదు బావా. మొత్తం కరిగింది."

బావ హమ్మయ్య అనుకుని, కారువాళ్ళకి కబురు చెయ్యడానికి వెళ్ళిపోయాడు. అతను ఫోన్ తీసి డిపోవాళ్ళకి రాలేనని చెప్పాడు. ఎందుకని అడిగితే, "ఇంట్లో కుదర్లేదండీ" అన్నాడు. తర్వాత అడుగు గీతకి టేపు అంటించడం మొదలుపెట్టాడు.