చెవులు మూసుకునేలోపు

రియాద్‌లో యుద్ధపు సైరన్లు మోగుతున్న చలికాలం అది. నేను ఒక ఆసుపత్రిలో పసిపిల్లల వార్డు నర్సుని. మా పెద్ద సిస్టర్ తైవాన్ నుంచి వచ్చిన చైనా మనిషి. రోజూ పొద్దు వాలకముందే ఉయ్యాలలన్నీ కిటికీల దగ్గర్నుంచి లోపలి గోడకు జరిపించేది. తెల్లారాక మళ్లీ యథాస్థానం.

"సైరన్ మోగాక జరిపితే చాలదా సిస్టర్? నా నడుం పడిపోతోంది" అని రుసరుసలాడాను.

ఆవిడ నవ్వి, వాళ్ల సామెత ఒకటి చెప్పింది. ఉన్నట్టుండి ఉరిమే ఉరుముకు చెవులు మూసుకునే వ్యవధి ఉండదట. ఎప్పటిదో యుద్ధనీతి. శత్రువు చెయ్యెత్తేలోపే మీద పడమని సేనాపతులకు చెప్పిన మాట. ఇప్పుడు ఏ పనైనా రెప్పపాటులో జరిగిపోతే జనం అదే అంటారట.

"సేనాపతికి అది దాడిచేసే కిటుకు. మనం ఆ ఉరుము విరుచుకుపడే వైపున్నాం. ముందే సర్దుకోవాలి" అంది.

ఔరా అనుకున్నాను! యుద్ధనీతిని తిరగేసి పసిపిల్లలకు కాపలా పెట్టిన బుర్ర అది.

ఒక్క గాజుపెట్టె మాత్రం కిటికీ కిందే ఉండిపోయింది. అందులో నెలలు నిండని ఆడపిల్ల. ఎన్నో ఏళ్లకు కలిగిన బిడ్డ కావడంతో తల్లి పూటపూటా వచ్చి పెట్టెను తడిమి వెళ్లేది. పెట్టెకు కరెంటు లేకపోతే పిల్లకు వెచ్చదనం లేదు, లోపలి గోడకున్న ప్లగ్గేమో పాడైంది. మెయింటెనెన్స్‌లో పనిచేసే జగిత్యాల అతన్ని పిలిచాను.

"సామాన్ లేదక్కా, రేపు పొద్దుగాల చేస్త."

"రేపూ లేదు మాపూ లేదు! చేస్తావా, నన్నే స్క్రూడ్రైవర్ పట్టమంటావా?"

"అమ్మో, గింత కోపమా! చేస్త తియ్యక్కా" అంటూ పక్కగది ప్లగ్గు ఊడదీసుకొచ్చి బిగించాడు. పెట్టెను జరిపేశాం.

ఆ సాయంత్రమే, సైరన్ ఇంకా మోగుతుండగా, భవనం అదిరిపోయేంత చప్పుడు. నా చేతులు చెవుల మీదికి పోయాయి, నోట్లోంచి "అర్జునా, ఫల్గుణా" అని దానంతటదే వచ్చింది. ఉరిమినప్పుడల్లా మా అమ్మ అనిపించిన మాట. అప్పటికే చప్పుడు అయిపోయింది. చూస్తే, పెట్టె ఉండిన చోటంతా కిటికీ అద్దం ముక్కలు.

పెద్ద సిస్టర్ చెవులు మూసుకోలేదు. రెండు చేతులూ పెట్టె మీద పరిచి, వంగి, పిల్ల ఊపిరి చూస్తోంది. పిల్ల ఆవలించింది. నేను భోరుమన్నాను.

యుద్ధం అయిపోయాక ఆవిడ వెళ్లిపోయింది. నేను చాలా ఏళ్లు అదే వార్డులో ఉన్నాను. ఎప్పుడైనా వానపడి ఉరిమితే నోరు "అర్జునా" అంటూనే ఉండేది. చేతులు మాత్రం చెవుల దాకా వెళ్లేవి కావు. దగ్గర్లో ఉన్న ఉయ్యాల మీదికి వెళ్లేవి.