మట్టి కమలాపండు

జెజు దీవిలో కుండలు చేసే మాన్‌సిక్‌కి ఆదివారమంటే గండం. ఆయన భార్య యొన్‌హ్వా ఆ రోజంతా బొమ్మలు వేస్తుంది. ఇంట్లో పళ్ళు ముందు బొమ్మలోకెక్కాలి, ఆ తర్వాతే నోట్లోకి. గోళ్ళలో బంకమట్టితోనే ఆయన చెయ్యి పళ్ళెం వైపు పాకుతుంటుంది. మొన్న రెండు కమలాపళ్ళలో ఒకటి తినేశాడు. భయమేసి, మట్టితో అచ్చం అలాంటిదే చేసి, రంగు పూసి, పళ్ళెంలో మిగిలిన పండు పక్కన పెట్టాడు. యొన్‌హ్వా కళ్ళు చికిలించి చాలాసేపు చూసింది.

“ఏవండోయ్ కుమ్మరిగారూ! నా కళ్ళకే గంతలు కడదామనా? ఆ మట్టిది తీసేసి, అసలు పండు తెచ్చి పెట్టండి!” అంటూ కుంచెతో అసలు పండునే చూపించింది.

మాన్‌సిక్ తల వంచుకుని దాన్ని పెరట్లోకి తీసుకెళ్ళి, తొనలు ఒక్కొక్కటే చప్పరిస్తూ తిన్నాడు. తర్వాత చేతులు కడుక్కుని, ఆవిడ అడిగిన అసలు పండు కోసం మళ్ళీ మట్టి పిసకడం మొదలెట్టాడు.