నడిమి డబ్బా నూనె

పానా జారి మోచెయ్యి ఛాసిస్‌కు కొట్టుకుంది. కేక వేయబోయి ఆపుకున్నాను, బండికి అటుపక్క అన్న నిలబడి ఉన్నాడు. నేను గోనెసంచి మీద వెల్లకిలా పడుకుని బండి కిందికి దూరి ఉన్నాను కాబట్టి అతని చెప్పులు మాత్రమే కనిపిస్తున్నాయి. అవి ఒక అడుగు ముందుకొచ్చి, రెండడుగులు వెనక్కి పోయాయి. రెండేళ్లలో అన్న ఆ బండికి అంత దగ్గరగా రావడం అదే మొదలు.

"రాకుంటే ఇడిశిపెట్టు చెల్లె. పాత ఇనప సామాన్ల కింద ఇచ్చేద్దాం."

"నువ్వు జర ఊకో అన్నా. ఎల్లుండి కొనేటోళ్లు చూడనీకి ఒస్తమన్నరు. చచ్చిన బర్రెను చూపిచ్చినట్టు చూపిస్తమా?"

"బర్రెకైతే కొమ్ములుంటయి, పట్టుకుంటానికి."

నవ్వించాలనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు. నా పానా ఏ బోల్టు మీద ఉందో అతనికి తెలియదు.

మాది బెల్లంపల్లిలో ఆయిళ్ల దుకాణం. ఇంజన్ ఆయిలు, గేర్ ఆయిలు, గ్రీసు, ఫిల్టర్లు, ఫ్యాను బెల్టులు. పదో తరగతి తప్పాక బాపు నన్ను తెచ్చి కౌంటర్లో కూర్చోబెట్టాడు. "బడిల తప్పినవ్, గీడ తప్పకు" అన్నాడు. నేను తప్పలేదు. వచ్చినవాడు నోరు తెరిచేలోపు డబ్బా తీసి ముందు పెట్టేదాన్ని. ఏ ట్రాక్టరుకు ఏ నూనె, ఎన్ని లీటర్లు, ఎన్ని గంటలకు మార్చాలి, అన్నీ గడగడా చెప్పేదాన్ని. రైతులు 'ఇంజనీరమ్మ' అని పిలిచేవాళ్లు. ఆ పేరంటే నాకెంత మురిపెమో! ఎవరైనా కొత్తవాళ్లు బాపును ఏదన్నా అడిగితే, బాపు చెప్పేలోపు నేనే అందుకునేదాన్ని.

అన్నది ఫోర్‌వీల్ పికప్. తిర్యాణి దాటి గుట్టల మీది గూడేలకు బియ్యం, ఉల్లిగడ్డలు, సిమెంటు తీసుకుపోయేవాడు. వానల్లో ఆ దారిన మామూలు బండ్లు పోవు. మామూలు పికప్‌కు వెనక ఇరుసు నడుమ మాత్రమే కుండలాంటి హౌసింగ్ ఉంటుంది, డిఫరెన్షియల్ పళ్లు దానిలో తిరుగుతాయి. ఫోర్‌వీల్‌కు ముందర కూడా అలాంటిది ఒకటుంటుంది. గేర్‌బాక్స్ వెనక ఇంకో పెట్టె ఉంటుంది, ఇంజను బలాన్ని ముందుకూ వెనక్కూ పంచేది అదే. ఇంగ్లీషులో ట్రాన్స్‌ఫర్ కేస్ అంటారు. మేం నడిమి డబ్బా అంటాం. డ్రైవరు పక్కన, గేర్ రాడ్ దగ్గర ఉండే చిన్న లివర్ దానిదే.

రెండేళ్ల కింద, వానలు తగ్గుతున్న రోజుల్లో, ఒక పొద్దున అన్న బండిని దుకాణం ముందు ఆపి, కింద దూరి అన్ని చోట్లా పాత నూనె దించేశాడు. ఇలాంటి పని అతను మెకానిక్‌కు ఇచ్చేవాడు కాదు.

"చెల్లె, ఏదేంట్ల ఏది పొయ్యాల్నో తీసి పెట్టు."

రెండు హౌసింగులకు తొంభై నంబరు నూనె ఇచ్చాను. గేర్‌బాక్స్‌కు వేరేది ఇచ్చాను.

"నడిమి డబ్బాకో?"

"దానికేం అక్కర్లేదన్నా. గేర్‌బాక్స్‌ల పోస్తే అందులకు అదే పోతది. ట్రాక్టర్ లెక్కనే."

ట్రాక్టర్లలో అంతే. గేర్లకూ, హౌసింగుకూ, నాగలిని లేపే లిఫ్టుకూ అన్నిటికీ ఒకటే నూనె, ఒక్కచోట పోస్తే అంతటా తిరుగుతుంది. మా దుకాణానికి వచ్చేవాళ్లలో ముప్పాతిక మంది ట్రాక్టరు వాళ్లే. నా చదువంతా వాళ్ల దగ్గరే.

"ఇంజనీరమ్మ చెప్పినంక ఇంకేంది!" అని అన్న నవ్వుతూ గేర్‌బాక్స్‌లో పోసి బోల్టులన్నీ బిగించేశాడు.

అప్పుడు మా దుకాణం బల్ల మీద ఒక తాత కూర్చుని ఉన్నాడు. గుట్ట మీది గూడెం ఆయన. పెద్దాసుపత్రికి వచ్చి తిరిగి పోతున్నాడు. చేతిలో కొత్త గొడుగు, దాని ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. "గీ బండి మా దిక్కు పోతదా బిడ్డా?" అని నన్ను అడిగాడు.

"పోతది తాతా, ఎక్కు. కొత్త నూనె పోసినం, మంచిగ తీస్కపోతది."

అన్నకు చెప్పి ఎక్కించింది నేనే. ముందు సీట్లో కూర్చోమంటే, గాలి తగలాలని వెనక ఉల్లిగడ్డ బస్తాల మీదికి ఎక్కాడు.

మధ్యాహ్నం అన్న ఫోన్ చేశాడు. "చెల్లె, కింద ఏదో మూలుగుతుందే."

"కొత్త నూనె గదన్నా, సర్దుకుంటది. ఫికర్ చెయ్యకు."

నేను అన్న మాట అదే. ఒక గిరాకీ ఎదురుగా ఉన్నాడు, అతనికి గ్రీసు తూస్తూ భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని అన్నాను.

గుట్ట ఎక్కింది. అటువైపు దిగుడులో, చిన్న లివర్ వేసి బండిని ఇంజను మీద ఆపుకుంటూ నెమ్మదిగా దింపుతుంటే, ఉన్నట్టుండి ఇంజను ఒక్కటే అరిచింది, బండి మాత్రం ఖాళీగా జారిపోయింది. బ్రేకులు కాసేపు పట్టాయి, తర్వాత కాలిన వాసనే మిగిలింది. అన్న గుట్ట గోడకు బండిని రాసేశాడు. అతనికి భుజం ఎముక విరిగింది. వెనక బస్తాలతో పాటు తాత రోడ్డు మీద పడ్డాడు. ఆస్పత్రికి పోయేదాకా కూడా ప్రాణం ఆగలేదు.

"చిన్న లివర్ న్యూట్రల్‌ల పడేసుకున్నడు" అన్నారు అందరూ. ఆ లివర్‌కు న్యూట్రల్ కూడా ఉంటుంది, దానిలో పడితే బండికి ఏ పట్టూ ఉండదు. చూసినవాళ్లు అన్నారు, చూడనివాళ్లు అన్నారు, నెల తిరిగేసరికి అన్న కూడా అదే అన్నాడు. మళ్లీ స్టీరింగ్ పట్టలేదు. పత్తి జిన్నింగులో కాంటా దగ్గర కూర్చుంటున్నాడు. అన్నం తింటుంటే అతని ఎడమ చెయ్యి పక్కన చాప మీద దేన్నో వెనక్కి లాగుతుంటుంది. లాగి, ఆగి, మళ్లీ లాగుతుంది. పడిందా లేదా అని చూసుకుంటున్నట్టు. మా అవ్వ అది చూడలేక కూర గిన్నె తేవడానికని లేచిపోతుంది.

ఎనిమిది నెలల తర్వాత మెకానిక్ చాచా దుకాణానికి వచ్చాడు. ముసలాయన, మా బాపుకు పాత దోస్తు. "ఎర్ర నూనె ఒక్క సీసా ఇయ్యి బేటీ" అన్నాడు. మా దుకాణంలో అది పవర్ స్టీరింగ్‌లకే పోయేది.

"ఎవరి స్టీరింగ్‌కు చాచా?"

"స్టీరింగ్ గాదు. గా ఫారెస్టోళ్ల ఫోర్‌వీల్ ఒచ్చింది గదా, దాని నడిమి డబ్బాకు."

"గేర్‌బాక్స్ నూనె అందులకు పోదా?"

"ఎట్ల పోతది? నడుమ సీలుంటది. గది వేరే కడుపు, దానికి వేరే తిండి."

నేను ఆయనకు ఎర్ర నూనె బదులు బ్రేక్ ఆయిలు సీసా అందించాను. "ఏంది పరేషాన్ ఉన్నవా?" అని తనే లేచి కావాల్సింది తీసుకున్నాడు.

ఆ రోజు నుంచి ఏ బండి దుకాణం ముందు ఆగినా నాకు మూలుగే వినిపించేది. లారీలో, ఆటోలో, పిండిగిర్నీలో, ఆఖరికి మా మిక్సీలో కూడా. ఎవరైనా ముసలివాళ్లు బల్ల మీద కూర్చుంటే తలెత్తి చూసేదాన్ని కాదు. చూస్తే గొడుగు ఉంటుందేమోనని భయం. ఒకసారి నిజంగానే ఎవరో కవరు తీయని గొడుగు బల్లకు ఆనించి టీ తాగడానికి పోయారు. వాళ్లు తిరిగొచ్చేదాకా నేను లోపల డ్రమ్ముల వెనక నిలబడ్డాను. మాట్లాడటం మాత్రం తగ్గించలేదు, ఇంకా ఎక్కువే మాట్లాడాను. నోరు ఆగితే ఆ మాట బయటికొస్తుందేమో అనిపించేది.

బండిని పెరట్లో టార్పాలిన్ కింద పడేశారు. ఎవరూ కింద దూరి చూడలేదు. డబ్బా ఎండిపోయి ఉందా, నేనే అనవసరంగా భయపడుతున్నానా, అందులోకి చూస్తే తెలిసిపోతుంది. ఏడాది పైన చూడలేదు నేను. నూనె ఉంటే తప్పు మా అన్నది. లేకపోతే నాది. అది అన్న తప్పే కావాలని ఏ చెల్లెలు కోరుకుంటుంది? నేను కోరుకున్నాను, చాలాసార్లు.

చొప్పదండి నుంచి ఒకరు బండి కొంటామన్నారు. "కదిలిచ్చి చూపియ్యాలె. నూనెలన్నీ మార్పియ్యి, ఏవేవో నువ్వే చూడు" అన్నాడు బాపు. ఈసారి నేను ఏ డబ్బా మీదా చెయ్యి వేయకుండా చాచా షెడ్డుకు నడిచాను.

ఆయన పాత టైరు మీద కూర్చోబెట్టి ఓపికగా చెప్పాడు. "హౌసింగ్‌ల పండ్లు ఒకదాని మీద ఒకటి గీసుకుంట తిరుగుతయి. తొంభై నంబరు, జీఎల్ ఫైవ్ అని రాసుంటది చూడు, గదే పొయ్యి. గంధకం వాసనొస్తది, గదే దాని మందు. గా మందే గేర్‌బాక్స్‌ల పోస్తే ఇత్తడి రింగులను తినేస్తది, దానికి జీఎల్ ఫోర్. సమజైందా?"

"అయింది. నడిమి డబ్బాకు?"

"లోపల గొలుసుంటే పల్చటి ఎర్రది. ఉత్త గేర్లే ఉంటే చిక్కటిది. నీ బండిది గొలుసా, గేర్లా?"

"తెల్వది చాచా."

కౌంటర్లో కూర్చున్నాక ఈ మాట నేను ఎవరితోనూ అనలేదు, అదే మొదటిసారి. ఆయన నవ్వాడు. "తెల్వదన్నవ్, మంచిగైంది. బండితోటిచ్చిన కితాబు లేకుంటే పాత నూనె దించి చూడు. ఎర్రగొస్తే గొలుసుది. ముందుగాల పైన నింపే బోల్టు ఇప్పు, తర్వాతనే కింది బోల్టు ముట్టు. కిందిది ఇప్పినంక పైది రాకుంటే ఏం పోస్తవ్, ఎట్ల పోస్తవ్?"

"పాత నూనె అసలే లేకపోతే?"

"లేకపోతే అంటే?"

"ఏం లేదు చాచా, ఉత్తగనే అడిగిన."

ఆయన నా ముఖం చూశాడు. పానా ఇచ్చి పంపించాడు.

ఆ పానాతోనే బండి కింద దూరి పైబోల్టు తీసేశాను. కిందిదే మొరాయించింది. పానాకు పైపు తొడిగి రెండు కాళ్లతో తన్నితే కిర్రుమని కదిలింది. బేసిన్ కింద పెట్టి, కళ్లు మూసుకుని, ఎర్రగా రావాలి, ఎర్రగా రావాలి అనుకుంటూ వేళ్లతో తిప్పాను. బోల్టు ఊడి అరచేతిలో పడింది. చెయ్యి తడవలేదు.

కళ్లు తెరిచాను. రంధ్రం నల్లగా, పొడిగా ఉంది. కాసేపటికి చెంచాడు నల్లటి ముద్ద సాగి సాగి బేసిన్‌లో పడింది. వెలుతురుకు పట్టి చూస్తే దానిలో ఇనప పొడి తళతళలాడింది. వేలు లోపలికి పెడితే గోరంత ముక్క ఒకటి జారి బేసిన్‌లో టంగుమంది. తెగిన గొలుసు లంకె.

"ఏమొచ్చింది చెల్లె?"

"నల్లగొచ్చింది. పాతది గదా."

"గంతేనా?"

"గంతే."

అన్న చెప్పులు కదల్లేదు. "నాకు గా బండి మీద కోపం లేదే," అన్నాడు మెల్లగా. "అది మంచిగనే పనిచేసింది. నా చెయ్యే తప్పింది. గా తాతను ముందటనన్న కూసోబెట్టకపోతి."

అన్న చెప్పులు వెళ్లిపోయేదాకా నేను బండి కిందే ఉన్నాను. బేసిన్ మీద గోనెసంచి కప్పి బయటికొచ్చాను. డబ్బా సీలు పోయిందని, కొనేవాళ్లను రెండ్రోజులు ఆగమనాలని బాపుకు చెప్పాను. ఆ పూట అన్నతో పాటే కూర్చుని అన్నం తిన్నాను. అతని చెయ్యి చాప మీద లాగుతూనే ఉంది.

మరునాడు పొద్దున అన్న పెరట్లో పళ్లు తోముకుంటుంటే బేసిన్ తెచ్చి అతని కాళ్ల దగ్గర పెట్టాను. సీలు గురించి, ట్రాక్టర్ గురించి, ఫోన్‌లో నేనన్న మాట గురించి, చాచా చెప్పిన రోజు గురించి, అన్నీ వరుసగా చెప్పాను. నా బతుకులో అంత నెమ్మదిగా ఎప్పుడూ మాట్లాడలేదు. "నువ్వు లివర్ సరిగ్గనే ఏసినవన్నా. లోపలనే తెగింది" అన్నాను.

అన్న గొంతుక్కూర్చుని లంకె ముక్కను వేళ్ల మధ్య తిప్పి చూశాడు. బ్రష్ ఇంకా నోట్లోనే ఉంది. ఉమ్మి, "ఎన్నొద్దులాయె నీకు తెల్సి?" అని అడిగాడు.

"ఏడాది పైన."

"గిన్ని దినాలు నా ముందట కూసోని ఎట్ల బువ్వ తిన్నవే?"

అతను లేచి ముఖం కడుక్కున్నాడు. మళ్లీ నా వైపు చూడలేదు. "మరి తాతింట్ల ఎవలు చెప్తరు?" అని మాత్రం అన్నాడు.

నేను దుకాణం షట్టరు తీయలేదు. లంకె ముక్కను రుమాల్లో కట్టుకుని బస్టాండుకు నడిచి, తిర్యాణి పోయే బస్సు ఎక్కి కూర్చున్నాను.