తలుపు మూసే డాక్టరమ్మ

డాక్టర్ పద్మలతకు వరంగల్‌లో పొగరుబోతు అని పేరు. ఆ పేరు ఊరికే రాలేదు, కష్టపడి సంపాదించుకుంది. బట్టల దుకాణం సదానందం కూతురు కాన్పుల డాక్టరో కళ్ల డాక్టరో అవుతుందని బజారంతా అనుకుంటే, ఆమె పిచ్చి డాక్టరు చదువు చదివింది. అది చాలదన్నట్టు ముంబై వెళ్లి మనోవిశ్లేషణ నేర్చుకుంది. అంటే రోగి మనసులో ఏది తోస్తే అది చెబుతూ పోవాలి, డాక్టరు వింటూ పోవాలి, నెలల తరబడి. వినడానికి కూడా ఒక చదువేనా అని మేనత్తలు బుగ్గలు నొక్కుకున్నారు.

మెడికల్ కాలేజీలో ఉద్యోగం వచ్చాక తన గదిలో ఒక దివాన్ వేయించింది. రోగి పడుకుని మాట్లాడాలి, డాక్టరు తల వెనక కూర్చుని వినాలి, ఆమె నేర్చుకున్న పద్ధతి అది. ధర్మసాగర్ నుంచి వచ్చిన మొగిలమ్మ దాని మీద పడుకుని, జాకెట్టు చేయి పైకి లాక్కుని, "ఏ చేతికిస్తవు బిడ్డా సూది?" అని అడిగింది. తరవాత వచ్చినవాళ్లూ అంతే. పద్మలత నవ్వుకుని దివాన్‌ను వరండాలోకి మార్పించింది. అంతవరకు సర్దుకుంది. తలుపు విషయంలో మాత్రం సర్దుకోలేదు.

మన దగ్గర దవాఖానకు ఒంటరిగా ఎవరు పోతారు? అత్తా మామా, మేనమామా, పక్కింటావిడా వస్తారు. అందరూ మాట్లాడతారు, రోగి తప్ప. పద్మలత వాళ్లందరినీ బయటికి పంపి గడియ పెట్టేది. రోగి మాట రోగి నోటనే వినాలని పీజీ పిల్లలకు ఏళ్ల తరబడి నూరిపోసింది. వాళ్లు క్లాసులో తలలూపి, వార్డుకు పోయి మళ్లీ అత్తలనే అడిగేవారు. అప్పుడామె పెట్టే చీవాట్లు మెట్ల దాకా వినిపించేవి.

ఒక ఏడాది డిపార్ట్‌మెంట్ హెడ్ పదవి ఖాళీ అయింది. సీనియారిటీ ప్రకారం అది ఆమెదే. సరిగ్గా అప్పుడే హన్మకొండ వ్యాపారి వెంకట్రాజం, సదానందానికి పాత స్నేహితుడు, తన కోడలు నవ్యను తీసుకొచ్చాడు. ఆ పిల్లది రఘునాథపల్లి. ఉన్నట్టుండి మాట్లాడడం మానేసింది. గొంతులో ఏ దోషమూ లేదని చెవి, ముక్కు డాక్టర్లు తేల్చేశారు.

"మా పిలగాని బతుకు ఆగమైతాంది డాక్టరమ్మా. ఈమెకు పిచ్చని మీరు రాసిస్తే, కోర్టుల ఇడుపు కాయితాల సంగతి మేం సూసుకుంటం," అన్నాడు వెంకట్రాజం.

"ఆమెతోటి మాట్లాడకుంట నేనేం రాయను. మీరు జర బయట కూసోండి."

"మాట్లాడుతలేదనే కద తెచ్చింది?"

"అయితే ఇద్దరం ఊకె కూసుంటం."

నిజంగానే ఊరికే కూర్చున్నారు, వారం వారం. నవ్య నేల చూపులు చూసేది, పద్మలత ఓపిగ్గా చూస్తూ ఉండేది. బయట కూర్చున్న వెంకట్రాజానికి మాత్రం నిమ్మళం లేకుండా పోయింది. తలుపులు మూసి తమ ఇంటి గుట్టు లాగుతోందని సూపరింటెండెంట్ రాంప్రసాద్‌కు ఫిర్యాదు చేశాడు. పెద్దవాళ్ల చేత ఫోన్లు కూడా చేయించాడు.

రాంప్రసాద్ చెడ్డవాడు కాదు, భయస్తుడు. "హెడ్ ఆర్డర్ నా టేబుల్ మీదనే ఉంది మేడం. తలుపు తెరిచిపెడితే మీదేం పోతది?"

"నాదేం పోదు సార్. ఆ పిల్ల ఇగ ఎన్నడు నోరు తెరువది."

సాయంత్రం దుకాణంలో తండ్రీ అదే పాట పాడాడు. "నా కోసమన్న తలుపు తియ్యి బిడ్డా. రేపు బజార్ల నాతోటి ఎవలు మాట్లాడుతరు?"

"నీకు మాట్లాడెటోళ్లు మస్తుమంది ఉన్నరు బాపూ. ఆమెకే ఎవ్వలు లేరు."

తండ్రిని అంత మాట అన్నందుకు ఆమెకు బాధేసింది. అయినా తగ్గలేదు.

పదవి ఆమె జూనియర్‌కు పోయింది. ఆ తరవాతి వారం గదికి వచ్చేసరికి తలుపుకు గడియ లేదు, మేకులు పీకిన గుర్తులున్నాయి. ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఏడుపును దిగమింగి కోపాన్ని ఉంచుకుంది.

నవ్య వచ్చే రోజు అదే. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, పద్మలత తలుపు మూసి, దానికి వీపు ఆనించి నేల మీద చతికిలబడింది. యాభై దాటిన ప్రొఫెసరమ్మ, గంజి పెట్టిన చీర నలిగినా చూసుకోలేదు.

"తలుపు తియ్యుండ్రి డాక్టరమ్మా. గడియ లేదని నాకు తెల్సు," బయట నుంచి వెంకట్రాజం.

"గడియ లేకుంటేంది, నేనున్న."

అతను భుజంతో నెట్టాడు. చెక్క ఆమె వీపుకు గట్టిగా తగిలింది. మళ్లీ నెట్టాడు. తలుపు సందు పడింది. మడమలు జారుతున్నాయి, నడుము కలుక్కుమంది. ఇక తన వల్ల కాదనిపించి, లేవడానికి ఆమె నేలకు చేయి ఆనించింది.

"లేవకుండ్రి మేడం."

చాలాకాలంగా వాడని గొంతు, బొంగురుగా ఉంది. నవ్య కుర్చీ దిగి వచ్చి ఆమె పక్కన కూర్చుని, తన వీపూ తలుపుకు ఆనించి గట్టిగా వెనక్కి నెట్టింది. సందు మూసుకుంది.

"మెల్లగ చెప్పు, బయటికి ఇనబడ్తది," అంది పద్మలత.

"ఇనబడనియ్యుండ్రి. నేను చెప్త."