ఆటోలో ఇద్దరు తత్వవేత్తలు

ఎం.ఏ. ఫిలాసఫీ చదివేవాడి చేతికి చావుకబురు అప్పగించకూడదు. అప్పగిస్తే ఎంత ఘోరం జరుగుతుందో చెప్తాను, మీరు నవ్వుకోండి. నాకైతే ఇప్పటికీ పూర్తిగా నవ్వు రాదు.

మా పెద్దబాపు, అంటే నాన్నకు అన్న, పోయిన రోజు. నాగపూర్ నుంచి వస్తున్న ఆయన చెల్లెల్ని, అంటే మా మేనత్తను, కాజీపేట స్టేషన్ నుంచి వరంగల్ కొత్తవాడలోని ఇంటికి తీసుకురావడం నా పని. ప్రయాణంలో ఉన్నవాళ్లకు మావైపు చావు సంగతి చెప్పరు. "సీరియస్" అంటారు, అంతే. బాపు నన్ను పక్కకు పిలిచి మరీ హెచ్చరించాడు.

"ఇల్లు జేరేదాక ఏం చెప్పకు. బీపీ ఉన్న మనిషి, దార్లనే పడిపోతది."

ఇంత చిన్న అబద్ధానికి ఏం కష్టమంటారా? అదే వారం నేను సెమినార్‌కు తయారవుతున్నాను. అంశం, అబద్ధం గురించి పాతకాలపు తత్వవేత్తలిద్దరి తగువు. నీ దోస్తును చంపడానికి వచ్చిన హంతకుడు "వాడెక్కడ?" అని అడిగినా అబద్ధమాడకూడదంటాడు ఒకాయన. నిజం వినే హక్కున్నవాడికే నిజం చెప్పాలి, హంతకుడికి ఆ హక్కెక్కడిది అంటాడు రెండో ఆయన.

ఆటో కదలగానే అత్త అడిగింది. "నిజం చెప్పురా, అన్న ఎట్లున్నడు?"

అబద్ధం నోట్లోంచి రాలేదు. నిజం చెప్పొద్దన్నారు. మాట మార్చేద్దామని, "అత్తా, అబద్ధం గురించి ఇద్దరు పెద్దమనుషులు కొట్లాడిండ్రు, తెల్సా?" అన్నాను. మాట మార్చడానికి ఈ లోకంలో నాకు ఇంకే విషయమూ దొరకలేదు మరి!

హనుమకొండ చౌరస్తా దాకా మొదటాయన వాదమే చెప్పాను. అవసరం పడ్డప్పుడల్లా అబద్ధమాడితే ఇక ఎవరి మాటకూ విలువుండదని. అత్త మధ్యలో ఆపింది.

"గా ముచ్చట్ల అడిగేటోడు హంతకుడు. ఈడ అడుగుతున్నది నేను. నన్నేమంటవ్?"

"అయ్యో, నిన్ను కాదత్తా! ఉత్త ఉదాహరణ," అని రెండో ఆయన వాదం కూడా రెండు ముక్కల్లో చెప్పేశాను.

"సరె. ఇద్దర్ల ఎవలిది కరెక్టు?"

అక్కడ ఆగాల్సింది. కానీ తగువు వివరించి తీర్పు చెప్పకపోతే మార్కులు పోతాయని మా సార్ నూరిపోశారు.

"మొదటాయనది మొండి వాదం అత్తా. మాటను కాపాడబోయి మనిషిని వదిలేసిండు. రెండో ఆయన మాటల బలమున్నది. కాకపోతె హక్కు ఎవలికున్నదో తేల్చేదెవలు? అదే లోటు. హంతకునికైతె లేదు. సొంత చెల్లెకు మాత్రం..."

నాలుక కరుచుకున్నాను. డ్రైవర్ అద్దంలోంచి నన్నొక చూపు చూసి బండి పక్కకు ఆపాడు.

అత్త పడిపోలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సీరియస్ అన్నప్పుడే తెల్సిందిరా నాకు," అంది. "ఇంటి దాకన్న అన్నను బతికించుకుందామనుకున్న."

నాకు ఏడుపొచ్చింది. అబద్ధమని తెలిసీ దాన్నే పట్టుకుని కూర్చున్న మనిషి సంగతి ఆ ఇద్దరి వాదాల్లోనూ లేదు.

గుమ్మంలో బాపు నన్ను ఉరిమి చూశాడు. "దార్ల ఏమన్న కూసినవా?"

నేను నోరు తెరిచేలోపే అత్త అందుకుంది. "వాడేం చెప్పలే చిన్నన్నా. సదువు ముచ్చట్లు చెప్పుకుంట తీస్కచ్చిండు."

తర్వాత లోపలికి వెళ్లి, అప్పుడే తెలిసినట్టు "అన్నా" అంటూ కూలబడింది. ఆ ఏడుపులో అబద్ధం లేదు.

సెమినార్‌లో తీర్పు చెప్పకుండానే వచ్చి కూర్చున్నాను, మార్కులు పోయాయి. అందుకే వరంగల్‌లో తిరిగే ఆటోలన్నిటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఇలాంటి వేళ ఎవరైనా నన్ను నిజం చెప్పమంటే, వాళ్ల పక్కన ఊరికే కూర్చుంటాను. తత్వవేత్తలిద్దరూ వెనకాల బస్సులో రావచ్చు.